ఇంకా మూడు ఔట్లే: 2004లో యాంకీస్ చేతిలోంచి జారిపోయిన సిరీస్

కోఠీ ఫుట్‌పాత్ మీద, విజయవాడ బీసెంట్ రోడ్డులో టోపీలు గుట్టగా పోసి అమ్ముతుంటారు. వాటిలో ఒకదాని మీద ఎన్, వై అనే రెండు అక్షరాలు ఒకదాంట్లో ఒకటి మెలిపడి ఉంటాయి. పెట్టుకుని తిరిగే కుర్రాళ్లలో చాలామందికి అది న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టు గుర్తని తెలియదు. తెలియకపోయినా ఇక్కడ నష్టమేమీ లేదు. అదే టోపీ నెత్తిన పెట్టుకుని ఎమ్మెస్ చేయడానికి బోస్టన్‌లో దిగితే మాత్రం, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎగాదిగా చూస్తారు. ఆ ఊరి జట్టు రెడ్ సాక్స్. ఆ రెండు ఊళ్ల మధ్య గొడవ వందేళ్ల నాటిది. దాన్ని ఒక్క రాత్రిలో చూపించమంటే ఇద్దరూ ఒకే తేదీ చెబుతారు: 2004 అక్టోబర్ 17.

ఆ రాత్రి జరిగిందేమిటో అర్థం కావాలంటే ఆట కాస్త తెలియాలి. క్రికెట్ తెలిసినవాళ్లకి ఎక్కువసేపు పట్టదు. రెండు జట్లూ తొమ్మిది ఇన్నింగ్స్ ఆడతాయి. ఒక్కో ఇన్నింగ్స్‌లో ముగ్గురు ఔటయ్యేదాకా ఒకరు, ఆ తర్వాత ముగ్గురు ఔటయ్యేదాకా ఇంకొకరు బ్యాటింగ్ చేస్తారు. సొంత మైదానంలో ఆడే జట్టు ఎప్పుడూ రెండోదే, అంటే చివరి మాట దానిదే. బ్యాటర్ బంతిని కొట్టి మూడు బేసులు దాటి మళ్లీ మొదలుపెట్టిన చోటికి చేరితే ఒక రన్. ఒకేసారి చేరక్కర్లేదు, ఒక బేస్ మీద ఆగి తర్వాతి బ్యాటర్ కొట్టే దెబ్బ కోసం చూడొచ్చు. పిచర్ నాలుగు బంతులు బయటికి వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు. బంతి స్టాండ్స్‌లో పడితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ప్రస్తుతానికి ఇది చాలు.

అది అమెరికన్ లీగ్ ఫైనల్. ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి, అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆఖరి పోటీకి వెళ్తారు. మొదటి మూడూ యాంకీసే గెలిచింది. మూడోది బోస్టన్ వాళ్ల సొంత మైదానం ఫెన్వే పార్క్‌లోనే, అదీ 19-8 స్కోరుతో. బేస్‌బాల్‌లో అది చావుదెబ్బ. అప్పటిదాకా మేజర్ లీగ్ చరిత్రలో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి మూడు ఓడిపోయిన జట్లు 25. ఆ 25లో ఒక్కటీ సిరీస్ గెలవలేదు.

దీనికి తోడు పాత పుండు ఒకటుంది. రెడ్ సాక్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1918లో. తర్వాత రెండేళ్లు తిరక్కుండానే బేబ్ రూత్ అనే తమ ఆటగాణ్ని యాంకీస్‌కి అమ్మేశారు. అతను ఆ ఆటకే పెద్ద పేరయ్యాడు. యాంకీస్ 2004 నాటికి 26 సార్లు గెలిచింది, బోస్టన్ ఒక్కసారీ గెలవలేదు. నాలుగుసార్లు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి నాలుగుసార్లూ ఏడో మ్యాచ్‌లోనే ఓడిపోయింది. రూత్ శాపం అన్నారు. శాపాలు మనకే ఉంటాయనుకుంటాం గానీ, హార్వర్డ్ పక్కన ఉన్నవాళ్లు కూడా నమ్మారు, కనీసం నమ్మినట్టు మాట్లాడారు. న్యూయార్క్‌లో మ్యాచ్ జరిగితే గ్యాలరీ అంతా ఒకే నినాదం: 'నైన్టీన్ ఎయిటీన్'. తిట్టు అక్కర్లేదు, ఆ అంకె ఒక్కటి చాలు. అంతకు ముందు ఏడాది, 2003లో, ఇదే లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా బోస్టన్ 5-2 ఆధిక్యంలో ఉండి, చివరికి పదకొండో ఇన్నింగ్స్‌లో ఒక్క హోమ్ రన్‌తో ఇంటిముఖం పట్టింది.

ఇక నాలుగో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం. యాంకీస్ 4, రెడ్ సాక్స్ 3. ఇంకో మూడు ఔట్లు పడితే సిరీస్ 4-0. బంతి వేస్తున్నది మరియానో రివెరా.

రివెరా గురించి చెప్పాలి. పనామాలో జాలర్ల ఊరి నుంచి వచ్చినవాడు. క్లోజర్ అంటే ఆధిక్యాన్ని కాపాడటానికి ఆఖర్లో వచ్చే పిచర్, మన డెత్ ఓవర్ల బౌలర్ లాగా. అతని దగ్గర ఉన్నది దాదాపు ఒకే ఒక్క బంతి, కట్టర్. చివరి క్షణంలో కాస్త పక్కకి జరిగి ఎడమచేతి బ్యాటర్ల బ్యాట్లు విరగ్గొడుతుంది. ఏం వేస్తాడో అందరికీ తెలుసు, కొట్టడమే ఎవరికీ చేతకాదు. ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 53 మ్యాచ్‌లు కాపాడాడు. కెరీర్ మొత్తంలో 652. ఈ సిరీస్ మొదలైన రోజే పనామాలో ఇద్దరు బంధువుల అంత్యక్రియలు ముగించుకుని విమానమెక్కి, మ్యాచ్ నడుస్తుండగా స్టేడియానికి చేరి, ఆ రాత్రి కూడా పని పూర్తి చేశాడు. అలాంటి మనిషి బంతి పట్టుకుంటే బోస్టన్ అభిమానులు కోటు బొత్తాలు పెట్టుకోవడం సహజమే.

మొదటి బ్యాటర్ కెవిన్ మిలార్. ఆ రోజు మ్యాచ్‌కి ముందు కనపడినవాళ్లందరితో 'ఈ రాత్రి మమ్మల్ని గెలవనివ్వకండి, గెలిస్తే తర్వాత మీ పని కష్టం' అంటూ తిరిగింది ఇతనే. ఓడిపోతున్నవాడి డాంబికం అనుకున్నారంతా. రివెరా అతనికి వాక్ ఇచ్చాడు. అరుదుగా చేసే తప్పు.

మిలార్ నిదానంగా పరిగెత్తే మనిషి. మేనేజర్ టెరీ ఫ్రాంకోనా అతన్ని తీసేసి మొదటి బేస్ మీద డేవ్ రాబర్ట్స్‌ని నిలబెట్టాడు. రాబర్ట్స్‌ని జులై 31న, అంటే ఆటగాళ్ల మార్పిడి గడువు చివరి రోజున, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ నుంచి తెచ్చుకున్నారు. కాళ్ల కోసమే తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో 41 సార్లు బేస్ దొంగిలించబోయి 38 సార్లు సఫలమయ్యాడు. పిచర్ బంతి వదిలే లోపు, క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) దాన్ని పట్టి రెండో బేస్‌కి విసిరే లోపు, 90 అడుగుల దూరంలో ఉన్న ఆ బేస్‌కి పరిగెత్తి జారుకుంటూ చేరడమే ఆ దొంగతనం. మొత్తం మూడున్నర సెకన్ల వ్యవహారం. చలిరాత్రిలో అప్పటిదాకా గంటల తరబడి బెంచీ మీద కూర్చున్న మనిషి ఉన్నపళంగా లేచి ఆ పని చేయాలి. ఎందుకు వచ్చాడో స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. రివెరాకి ఇంకా బాగా తెలుసు.

బేస్ వదిలి కాస్త ముందుకి జరిగి నిలబడ్డ రాబర్ట్స్‌ని ఔట్ చేద్దామని, రివెరా బ్యాటర్‌కి బంతి వేయకుండా మొదటి బేస్‌కి విసిరాడు. రాబర్ట్స్ వెనక్కి దూకాడు. మళ్లీ విసిరాడు, మళ్లీ దూకాడు. మూడోసారి మరీ దగ్గరికి వచ్చింది. అతన్ని కట్టిపడేద్దామని విసిరిన ఆ మూడు బంతులే అతని ఒళ్లు వేడెక్కించాయి. అంతవరకూ చలికి బిగుసుకున్న కాళ్లకి లయ దొరికింది, రివెరా కదలిక కూడా తెలిసిపోయింది. ఆ తర్వాత బ్యాటర్‌కి వేసిన మొట్టమొదటి బంతికే పరుగు తీశాడు. క్యాచర్ హోర్హే పొసాడా విసురు బాగానే వచ్చింది. రెండో బేస్ దగ్గర యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్ పట్టుకుని, ఔట్ చేయడానికి బంతిని రాబర్ట్స్ మీదికి అద్దాడు. అప్పటికే రాబర్ట్స్ చెయ్యి బేస్‌ని తాకింది. అంపైర్ జో వెస్ట్ రెండు చేతులూ చాచాడు: సేఫ్.

తర్వాత బ్యాటర్ బిల్ మ్యూలర్ రివెరా పక్కనుంచే బంతిని నేరుగా మధ్యలోకి కొట్టాడు. రాబర్ట్స్ ఇల్లు చేరాడు. 4-4. జులైలో ఇదే మైదానంలో ఇదే రివెరా మీద హోమ్ రన్ కొట్టి మ్యాచ్ గెలిపించింది కూడా ఈ మ్యూలరే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, నాకు సరదాగా అనిపించేది. 2023లో మేజర్ లీగ్ రూల్ మార్చింది. ఇప్పుడు పిచర్ ఒక బ్యాటర్ ఉండగా రెండుసార్లు మాత్రమే అలా విసరగలడు. మూడోసారి విసిరి రన్నర్‌ని ఔట్ చేయలేకపోతే రన్నర్‌కి ఒక బేస్ ఊరికే ఇస్తారు. అంటే ఇప్పటి రూల్స్‌తో రివెరా ఆ మూడో బంతి విసిరి ఉంటే, రాబర్ట్స్ పరిగెత్తే పనే లేకుండా నడుచుకుంటూ రెండో బేస్‌కి వెళ్లేవాడు. బోస్టన్ వాళ్లు ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న కథే ఉండేది కాదు.

స్కోరు సమమైనా మ్యాచ్ అవలేదు. అదే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల నిండా మనుషులుండగా డేవిడ్ ఆర్టిజ్ వచ్చి, బంతిని గాల్లోకి లేపి తేలిక క్యాచ్ ఇచ్చాడు. హీరో అయ్యే ఛాన్స్ పోయిందనుకున్నారు. పన్నెండో ఇన్నింగ్స్‌లో మళ్లీ అతని వంతు వచ్చింది. పాల్ క్వాంట్రిల్ వేసిన బంతిని స్టాండ్స్‌లోకి పంపాడు. 6-4. టైమ్ రాత్రి 1:22. మన దగ్గర సోమవారం పొద్దున 10:52, ఆఫీసుల్లో మొదటి టీ తాగే వేళ. ఐదు గంటల రెండు నిమిషాల ఆట.

అసలు ఇది ఎలా సాధ్యమైంది? ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యాక ఆధిక్యంలో ఉన్న జట్టు నూటికి దాదాపు 95 సార్లు గెలుస్తుంది. అదృష్టం అనేస్తే పని సులువు, కానీ సగం జవాబు ఆట కట్టుబడిలోనే ఉంది. కబడ్డీలో నాలుగు పాయింట్లు పైనున్న జట్టు చివరి రెండు నిమిషాలు ఏం చేస్తుందో చూశారుగా: రైడర్ వెళ్లి బోనస్ లైన్ దగ్గర అటూఇటూ తచ్చాడి వచ్చేస్తాడు. గడియారమే గెలిపిస్తుంది. ఫుట్‌బాల్‌లో మూలకి పోయి బంతి దాచుకుంటారు. టీ20లో చివరి ఓవర్‌కి 45 కావాలంటే జనం బస్సు పట్టుకోవడానికి లేచిపోతారు, ఎందుకంటే బంతులు ఆరే ఉన్నాయి. ఓడిపోయేవాడికి లెక్క ప్రకారమే దారి మూసుకుపోతుంది. బేస్‌బాల్‌లో అలా మూసుకునే తలుపు లేదు. టైమ్ అయిపోదు, బంతులు అయిపోవు. అయిపోయేవి ఔట్లు మాత్రమే, వాటిని అవతలివాడు తీసుకోవాలి. పది రన్లు వెనకున్నా ఆఖరి ఔట్ పడేదాకా బ్యాటింగ్ చేస్తూనే ఉండొచ్చు. ఆధిక్యంలో ఉన్నవాడికి దాక్కునే చోటు లేదు, బంతిని బ్యాటర్‌కి వేసి తీరాలి. ఎంత గొప్పవాడైనా రివెరాకి తప్పనిది ఇదే.

మనకి దీనికి దగ్గరగా ఉన్నది టెస్ట్ క్రికెట్. 2001లో కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 కొట్టి నాలుగో రోజంతా వికెట్ పడకుండా నిలబడ్డప్పుడు ఆస్ట్రేలియాకి ఎదురైన ఇబ్బంది ఇలాంటిదే. పది వికెట్లూ తీసేదాకా గెలుపు రాదు. హైదరాబాద్ వాళ్లకి ఆ ఇన్నింగ్స్ మీద ఉన్న మమకారం తెలిసిందే. బోస్టన్‌లో రాబర్ట్స్ పరుగు మీద ఉన్నదీ దాదాపు అలాంటిదే, కాకపోతే అది నాలుగు సెకన్లు కూడా లేదు.

మిగతా సిరీస్ త్వరగా చెప్పేస్తాను. అదే సోమవారం సాయంత్రం ఐదో మ్యాచ్, 14 ఇన్నింగ్స్. మళ్లీ వెనకబడి, మళ్లీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సమం చేసి, మళ్లీ ఆర్టిజ్ దెబ్బతోనే 5-4. ఆరోది న్యూయార్క్‌లో, మడమ దగ్గర కుట్లు వేయించుకున్న కర్ట్ షిల్లింగ్ మేజోడు నెత్తురుతో తడిసినా పిచింగ్ చేసి గెలిపించాడు, 4-2. ఏడోది 10-3. తర్వాత వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్‌ని నాలుగుకి నాలుగూ ఓడించడం కొసరు లాంటిది. చంద్రగ్రహణం పట్టిన రాత్రి, 86 ఏళ్ల తర్వాత, శాపం తీరింది.

నాకు ఆటకంటే ఎక్కువ ఆసక్తి అవతలి గ్యాలరీ మీద. ఆరో మ్యాచ్‌లో జరిగింది చూడండి. యాంకీస్ స్టార్ అలెక్స్ రోడ్రిగెజ్ మొదటి బేస్‌కి పరిగెడుతూ, తనని ఔట్ చేయడానికి వచ్చిన పిచర్ బ్రాన్సన్ అరోయో చేతి మీద చరిచాడు. బంతి జారిపడింది. ఒక రన్ వచ్చింది. స్టేడియం ఊగిపోయింది. అంపైర్లు ఒకచోట చేరి మాట్లాడుకుని, అడ్డుపడ్డాడు కాబట్టి ఔట్ అన్నారు, రన్ వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందే ఇంకో నిర్ణయం కూడా ఇలాగే తిరగబడి బోస్టన్‌కి మూడు రన్లు తెచ్చింది. జనం మైదానంలోకి చేతికందినవి విసరడం మొదలుపెట్టారు. ఫ్రాంకోనా తన ఆటగాళ్లని లోపలికి పిలిచేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు గీతల వెంట వరసగా కూర్చుంటే ఆట నడిచింది. రెండు నిర్ణయాలూ సరైనవే, రీప్లేలో స్పష్టంగా కనిపించింది. కానీ మూడు మ్యాచ్‌ల ఆధిక్యం కరిగిపోతున్నవాడికి రీప్లే ఎవడు చూపిస్తాడు? 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీఫైనల్ మధ్యలో సీసాలు విసిరిన మనవాళ్లని తలుచుకుంటే, న్యూయార్క్ వాళ్లని మరీ అంతగా అనబుద్ధి కాదు.

అభిమానుల మనసు గురించి పరిశోధనలున్నాయి. రాబర్ట్ చాల్డీని బృందం 1976లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం: కాలేజీ జట్టు గెలిస్తే విద్యార్థులు 'మనం గెలిచాం' అంటారు, ఓడితే 'వాళ్లు ఓడిపోయారు' అంటారు. మన దగ్గరా అంతేగా. సన్‌రైజర్స్ గెలిస్తే 'మనోళ్లు ఇరగదీశారు', ఓడితే 'హైదరాబాద్ పోయిందిరా'. ఇంకోటి ఈ రెండు జట్ల అభిమానుల మీదే చేశారు. మీనా సికారా, ఆమె సహ పరిశోధకులు రెడ్ సాక్స్, యాంకీస్ వీరాభిమానుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి ఆటల దృశ్యాలు చూపించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ప్రత్యర్థి జట్టు దెబ్బతింటుంటే, అదీ సంబంధం లేని మూడో జట్టు చేతిలో అయినా సరే, మెదడులో సంతోషానికి స్పందించే భాగం చురుకైంది. పాకిస్తాన్ ఎవరి చేతిలో ఓడినా ఇక్కడ కొందరికి ఆ పూట భోజనం రుచిగా ఉండటానికి కారణం అదే కావచ్చు. అదే అధ్యయనంలో ఆ స్పందన ఎక్కువ ఉన్నవాళ్లే ప్రత్యర్థి అభిమానికి హాని చేయాలనిపిస్తుందని కూడా ఎక్కువగా చెప్పారు. అది మాత్రం నవ్వుకునే సంగతి కాదు.

సంబరం కూడా ప్రమాదమే. ఏడో మ్యాచ్ గెలిచిన రాత్రి ఫెన్వే చుట్టూ వేలమంది వీధుల్లోకి వచ్చారు. గుంపుని చెదరగొట్టడానికి పోలీసులు పేల్చిన మిరియప్పొడి గుండు తగిలి 21 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. ఈ సిరీస్ కథల్లో ఈ భాగాన్ని చాలామంది వదిలేస్తారు.

ఓడినవాళ్లు ముందుగా వెతికేది ఒక మనిషిని. 1986లో బోస్టన్ వాళ్లే ఆ పని చేశారు. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, న్యూయార్క్‌లోనే ఇంకో జట్టు మెట్స్ మీద, పదో ఇన్నింగ్స్‌లో రెండు రన్ల ఆధిక్యం, ఇంకొక్క ఔట్ చాలు. అక్కడినుంచి మూడు సింగిల్స్, ఒక చెడ్డ బంతి, ఆఖరికి బిల్ బక్నర్ కాళ్ల మధ్యనుంచి దూరిపోయిన తేలిక బంతి. అది దూరేటప్పటికే స్కోరు సమమైపోయింది. పైగా ఇంకో మ్యాచ్ మిగిలే ఉంది, అందులో బోస్టన్ మొదట 3-0 ఆధిక్యంలోకి వెళ్లి మరీ ఓడింది. ఇదంతా ఎవరికీ గుర్తు లేదు, బక్నర్ కాళ్లే గుర్తున్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో షార్జాలో చేతన్ శర్మ ఆఖరి బంతిని మియాందాద్ సిక్సర్ కొట్టాడు. మరుసటేడు వరల్డ్ కప్ చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ తీసినా, చేతన్ శర్మ పేరు చెబితే మన జనం ముందు అనేది షార్జానే. ఇద్దరికీ ఒకే సంవత్సరం పడటం కాకతాళీయం. వరల్డ్ సిరీస్ చేతికొచ్చాక, 2008 ఏప్రిల్‌లో బక్నర్‌ని ఫెన్వేకి పిలిచి తొలి బంతి వేయించినప్పుడు జనమంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు, ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఓటమి మీద కోపం ఉన్నన్నాళ్లూ క్షమించలేకపోయారు. గెలిచాకే అది వీలైంది. అందుకే ఆ చప్పట్లు చూస్తే నాకు పూర్తిగా సంతోషం కలగదు.

రివెరాకి న్యూయార్క్ అలా చేయలేదు. అతని ఖాతాలో అప్పటికే నాలుగు వరల్డ్ సిరీస్‌లు ఉన్నాయి కదా. వింత చేసింది బోస్టన్ వాళ్లు. 2005 ఏప్రిల్ 11, ఫెన్వేలో కొత్త సీజన్ తొలి రోజు. ఛాంపియన్ ఉంగరాలు పంచే వేడుకకి ఎదురుగా నిలబడాల్సి వచ్చింది ఎవరంటే యాంకీసే. ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే గ్యాలరీ అరిచి ఎగతాళి చేస్తోంది. 'మరియానో రివెరా' అనగానే స్టేడియం మొత్తం లేచి చప్పట్లు మొదలుపెట్టింది. వెక్కిరింపే. 'మీరు లేకపోతే మాకు ఈ ఉంగరాలు ఎక్కడివి సారూ' అన్నట్టు. రివెరా ఒక్క క్షణం చూశాడు, నవ్వేశాడు, టోపీ తీసి ఊపాడు. దాంతో వెక్కిరింపు పస తగ్గిపోయింది. 2013లో అతను ఆఖరిసారి ఫెన్వేకి వచ్చినప్పుడు రెడ్ సాక్స్ యాజమాన్యమే వీడ్కోలు సభ పెట్టింది, ఈసారి చప్పట్లలో వెక్కిరింపు లేదు. 2019లో ఒక్క ఓటూ పోకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైన మొదటి ఆటగాడు అతనే.

అదే 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన మర్నాడు, ఫెన్వేలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో జనం పాడుకునే పాటని యాంకీ స్టేడియంలో వేశారు. 'నైన్టీన్ ఎయిటీన్' అని అరిచిన గ్యాలరీయే దానికి గొంతు కలిపింది. అయినా తర్వాతి సీజన్లలో తిట్టుకోవడం ఆగలేదు, ఆగాలని ఎవరూ కోరుకోలేదు కూడా.

2004 గెలుపు తర్వాత బోస్టన్ చుట్టుపక్కల శ్మశానాల్లో సమాధుల మీద రెడ్ సాక్స్ టోపీలు, జెండాలు కనిపించాయి. 1918 తర్వాత పుట్టి, ఒక్క గెలుపూ చూడకుండా పోయిన తండ్రులకి, తాతలకి కబురు చెప్పడానికి వెళ్లినవాళ్లు పెట్టినవి. అవతల యాంకీస్ అభిమానికి పోయింది ఒక సిరీస్ ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి నోటికి అలవాటైన నినాదం కూడా. 2009లో మళ్లీ గెలిచారు గానీ ఆ అంకెకి సరిపోయే మాట దొరకలేదు.

2024 అక్టోబర్ 30, యాంకీ స్టేడియం, వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్. యాంకీస్ 5-0 ఆధిక్యంలో ఉంది. ఐదో ఇన్నింగ్స్‌లో ఒక తేలిక క్యాచ్ జారింది, ఒక విసురు తప్పింది, మొదటి బేస్‌కి వెళ్లాల్సిన పిచర్ వెళ్లలేదు. డాడ్జర్స్ ఐదు రన్లూ చేసేసి, చివరికి 7-6తో గెలిచి కప్పు ఎత్తుకెళ్లింది. స్టాండ్స్‌లో జనం నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. అవతలి డగౌట్‌లో ఆటగాళ్లని వాటేసుకుంటున్న మేనేజర్ డేవ్ రాబర్ట్స్. ఈసారి పరిగెత్తాల్సిన పని కూడా పడలేదు.